గోదావరి యెండలో ఛాయాపటము

మంత్రకూటమను ప్రాచీన నామము గలిగి, తరతరాల వేదాధ్యయనమునకు పేరుపడిన మంథనిలో, గౌతమేశ్వరాలయ ప్రాంతమున, వేసవి మిట్టమధ్యాహ్నమున ఒక వేదపండితుని ఆరుబయట నిలిపి ఫొటో తీయబూనినవానికి మొదట ఎదురగునది ఎండయే. తెల్లని ధోవతిని చూచి వెలుగు కొలిచినచో ముఖము నల్లబడును. ముఖమును చూచి కొలిచినచో ధోవతి మడతలన్నియు మాసి సున్నపు గోడవలె నగును. నడినెత్తిన నిలిచిన సూర్యుడు కనుగుంటలలో నీడలు నింపి, నుదుటి విభూతిరేఖలపై మాత్రము తళుక్కుమనును. కన్నులు కానరాని ముఖము ఎవరిదైననేమి? ఈ చిక్కును విడదీయుటకు ఛాయాచిత్రకారులు నూటయేబది యేండ్లుగా పడిన పాట్లే ఆ కళాచరిత్రలో మిక్కిలి ఆసక్తికరమైన అధ్యాయమని నా తలంపు.

పూర్వపు నిజాం రాష్ట్రమున ఈ కథ రాజా దీనదయాళుతో ఆరంభించుట ధర్మము. 1844లో మీరట్ సమీపమునందలి సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు కెమెరా చేపట్టిన ఆ మహనీయుడు, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆదరమున ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదమందెను. 1892లో హైదరాబాదునందు ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. ఆ కాలపు పెద్ద స్టూడియోలలో దీపములకంటె పైకప్పు గాజుపలకలే ప్రధానములు. ఆకాశమునుండి దిగు వెలుగును తెరలు జరిపి, ఒకవైపు తగ్గించి మఱియొకవైపు నిలిపి, చెక్కిళ్లకు గుండ్రదనమును, కన్నులకు కాంతిని సమకూర్చుటయే వారి విద్య.

గాజుకప్పు కట్టించు స్తోమత లేని చిన్న ఊళ్లలో ఆ పనిని ఇంటి అరుగు నెరవేర్చెను. చూరునీడలో కుర్చీ వేసి, వెనుక ఒక దుప్పటి కట్టి, ఫొటో దిగువారిని వాకిలివైపు మొగము పెట్టి కూర్చుండబెట్టినచో, ఎదుటి గోడమీదను నేలమీదను పడిన ఎండ మెత్తబడి వచ్చి ముఖమునకు తగులును. పాతకుటుంబముల గోడలకు వ్రేలాడు తాతముత్తాతల పటములను కొన్నింటిని నిదానించి చూడుడు. అరుగు వెలుగు పడిన పటములలో ముఖపు ముడుతలు సైతము చదువదగియుండును. పేరు తెలియని ఆ పనివారల నేర్పునకు మన చరిత్రలలో దక్కవలసిన చోటు దక్కలేదని నాకు కష్టముగా నుండును.

వెలుగును తామే పుట్టింపవలెనను ఆశతో 1887లో జర్మనీ దేశీయులు మెగ్నీషియపు పొడిని పొటాసియం క్లోరేటుతోను, ఆంటిమొనీ సల్ఫైడుతోను కలిపి మండించిరి. వెలుగు వచ్చెను గాని పొగయు, ప్రమాదమును వెంటవచ్చెను. 1929లో ఆ దేశముననే, ప్రాణవాయువు నింపిన గాజుబుడ్డిలో అల్యూమినియపు రేకును మండించు ఫ్లాష్ బల్బు అమ్మకమునకు వచ్చెను. ఒకమాఱు వెలిగినచో అది మఱి పనికిరాదు. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్తుతో పదేపదే మెఱయు ఫ్లాష్‌నాళమును రూపొందించిన పిదపనే నేటి మార్గము సుగమమయ్యెను.

అయినను కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ ముఖమును చదును చేసి, వెనుక గోడపై నల్లని నీడను అంటించును. దానిని కెమెరానుండి విడదీసి, స్టాండుపై నిలిపి, తెల్లని గొడుగులోనికి వెలిగించినచో, అరచేయి పాటి దీపము మూడడుగుల వెలుగుగా మాఱును. ఇది మన అరుగు వెలుగే. ఎచ్చటికైన మోసికొని పోదగినదగుట మాత్రమే విశేషము.

ఈ విద్య నేర్వగోరువాడు తన చేతిలో రెండు వెలుగులున్నవని మొదట గ్రహింపవలెను. షట్టరు వేగము పెంచినచో ఎండ తగ్గును గాని ఫ్లాష్ తగ్గదు. ఏలయన ఫ్లాష్ మెఱపు షట్టరు తెఱచియుండు కాలముకంటె ఎంతయో చిన్నది. అపెర్చరు మాత్రము రెండింటిని తగ్గించును. పెక్కు కెమెరాలలో సెకనులో 200వ లేక 250వ భాగమునకు మించిన వేగమున మామూలు ఫ్లాష్ చిత్రమంతట పడదు. కనుక నడిమధ్యాహ్నమున 100 ఐఎస్ఓ వద్ద అపెర్చరును 11కో 16కో బిగింపవలసి వచ్చును. అప్పుడు గొడుగులో సగము బలము పోగొట్టుకొన్న చిన్న ఫ్లాష్ సూర్యునితో పోటీపడలేదు. నాలుగడుగులనుండి ఎనిమిదడుగులకు జరిపినచో వెలుగు నాల్గవ వంతే మిగులును. ఎండ వాలువఱకు ఆగుటయో, ఫొటో దిగువాని వీపు ఎండవైపు త్రిప్పి, గొడుగును చిత్రపు అంచు దాక దగ్గఱకు తెచ్చుటయో చేయవలెను.

మన పండితునే మరల నిలుపుదము. ముందు ఫ్లాష్ ఆర్పి, ధోవతి మడతలు నిలుచునట్లు ఎండను కొలిచి, ముఖము నల్లగానుండగనే ఒక ఫొటో తీయవలెను. తరువాత గొడుగును కంటి ఎత్తుకంటె కొంచెము పైగా, ఒక ప్రక్కకు నలువదియైదు డిగ్రీలలో పెట్టి, ముఖము తేఱువఱకు ఫ్లాష్ బలమును కొద్దికొద్దిగా పెంచవలెను. నేటి పెండ్లి చిత్రములలో పెక్కింట ఈ పెంపు హద్దు మీఱి, మనుష్యులు వెనుకటి దృశ్యమున కత్తిరించి అతికించినట్లుందురు. ముఖము వెలిగినది గాని ఎవరో వెలిగించిరని తోపని చోట ఆగవలెను. కంటిపాపలో చిన్న తెల్లచుక్క కనబడినచో గొడుగు చోటు సరియే. కంటద్దములలో గొడుగంతయు కనబడినచో దానిని ఇంకొంత పైకెత్తి, పెద్దాయనను గడ్డము రవ్వంత దించుమని వేడవలెను. నదిగాలికి గొడుగు తెరచాపయగును గావున, స్టాండు కాలికి ఇసుకసంచి కట్టుటయో, పట్టుకొనుటకు ఒక మనిషిని నిలుపుటయో మఱువరాదు.