జంషెడ్‌పూర్: సౌకర్యాలు ఇస్తే సరిపోతుందా?

ఉద్యోగి తృప్తిగా ఉంటేనే వినియోగదారుడికి మంచి సేవ అందుతుందని చదువుకుంటాం. ఈ మాటను జంషెడ్‌పూర్ చరిత్రతో సరిచూద్దాం.

టాటా స్టీల్ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1915లో ఉచిత వైద్యం అమలుచేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి రైలు పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. అందుకు గుర్తింపుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. అంటే కొనుగోలుదారు సంతోషించాడు.

మరి కార్మికుడు? 1920లో జీతాల కోసం సమ్మె, 1922లో మళ్లీ సమ్మె. 1928లో సమ్మె, లాకౌట్ నెలల తరబడి సాగాయి. చివరికి సుభాస్ చంద్రబోస్ చొరవతో ఒప్పందం కుదిరింది. 1934లో లాభాల్లో వాటాగా బోనస్ వచ్చింది. 1956 ఒప్పందంతో ఉమ్మడి సంప్రదింపులకు యూనియన్‌కు చోటు దక్కింది.

కాబట్టి జవాబులో సౌకర్యాల జాబితా రాసి ఆగొద్దు. సౌకర్యం యజమాని ఇచ్చేది. తృప్తికి జీతంలో న్యాయం, నిర్ణయాల్లో మాట కూడా కావాలి.