పిన్ని, పెద్దమ్మ, మేనత్త: ఇంట్లో తొలి సలహాదారులు

అమ్మతో చెప్పలేని మాట పిన్నితో చెప్పుకోవడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. వంట, చీరకట్టు, చదువు, పెళ్లి సంబంధం, బాలింత పథ్యం వంటి విషయాల్లో అమ్మ తర్వాత ఆడపిల్లకు దారి చూపేది ఈ పెద్దవాళ్లే. ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగువారికి వీరి ద్వారా అందేది మరొకటి ఉంది. అది భాష.

వరుసలు

అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు పిన్ని లేదా చిన్నమ్మ. పెదనాన్న, చిన్నాన్నల భార్యలకూ ఇవే పిలుపులు. నాన్న తోబుట్టువు మేనత్త. మేనమామ భార్య కూడా అత్తే. తమిళంలో ఈ ఇద్దరికీ అత్తై, మామి అని వేరు మాటలున్నాయి. మేనరికం ఉన్న కుటుంబాల్లో మేనత్తే అత్తగారు కావచ్చు. అందువల్ల ఆమె దగ్గర చనువుతో పాటు కొంత బెరుకూ ఉంటుంది. పిన్ని దగ్గర ఆ బెరుకు లేదు.

ఇండోనేషియాలోని జావా భాషలోనూ 'బుదె' అంటే పెద్దమ్మ, 'బులిక్' అంటే చిన్నమ్మ. మాటల అర్థం కూడా అచ్చంగా అదే.

పత్రికల్లో

ఇంటి పెద్దావిడ చేసే ఈ పనిని పత్రికలోకి తెచ్చిన రచయిత్రి మాలతీ చందూర్. మద్రాసులో స్థిరపడిన ఆమె ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. వంటల నుంచి కుటుంబ సమస్యల దాకా పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2013 ఆగస్టులో చెన్నైలో కన్నుమూశారు. నేడు ఆ పాత్రను యూట్యూబ్ వంటల ఛానళ్లు, కుటుంబ వాట్సాప్ గ్రూపులు పంచుకుంటున్నాయి.

మన ప్రాంతంలో

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. బంధుత్వాలు మాత్రం సరిహద్దుకు రెండు వైపులా మిగిలాయి. అక్క ఇటు, చెల్లెలు నగరి, పుత్తూరు వైపు ఉన్న కుటుంబాలు ఎన్నో. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేశాక, చాలామంది పిల్లలకు తెలుగు ఇంటి మాటగానే మిగిలింది.

ఇప్పుడు అందరినీ 'ఆంటీ' అనేస్తే వరుస తెలియదు, దానితో వచ్చే చనువూ బాధ్యతా తెలియవు. సెలవుల్లో పిల్లల చేత పిన్నికి ఫోన్ చేయించండి. ఆమె చెప్పిన గోంగూర పచ్చడి కొలతలు తెలుగులోనే రాయించండి. పచ్చడితో పాటు పది మాటలైనా నిలుస్తాయి.