మందు ఉందా? కొనగలమా? కోనసీమలో లెక్క ఇలా

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వాసుపత్రులకు మందులు ప్రధానంగా రాష్ట్ర సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ ద్వారా వస్తాయి. సంస్థ టెండర్లు పిలిచి కొంటుంది. సరుకు సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు చేరి, అక్కడి నుంచి ఆసుపత్రులకు వెళ్తుంది. మధ్యలో ఎక్కడ ఆలస్యమైనా రోగి బయట కొనుక్కోవాల్సిందే.

మందులు జనానికి అందుతున్నాయో లేదో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెల్త్ యాక్షన్ ఇంటర్నేషనల్ కలిసి 2003లో ఒక సర్వే పద్ధతి తెచ్చాయి. అందులో ముఖ్యమైనవి మూడు ప్రశ్నలు.

ఉందా? జాబితాలో పేరుంటే చాలదు, వెళ్లిన రోజు మందు అరలో కనిపించాలి.

ధర ఎంత? కంపెనీ బ్రాండ్ ధర, అన్నిటికన్నా చౌక జనరిక్ ధర రెండూ రాసుకుంటారు.

కొనగలరా? ఆ మందులకు ప్రభుత్వంలో అతి తక్కువ జీతం వచ్చే ఉద్యోగికి ఎన్ని రోజుల జీతం పడుతుందో చూస్తారు. రోజూ పని దొరకని కూలీ ఇంటికి భారం ఇంకా ఎక్కువే.

కోనసీమలో నాలుగో ప్రశ్న కూడా వేయాలి: వరదలో చేరుతుందా? 2022 జూలైలోలా గోదావరి పొంగితే లంక గ్రామాలకు పడవే దారి. వాడకముందు ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అందుకే ఎండ రోజున చేసిన సర్వే ఒక్కటే సరిపోదు.

బీపీ, షుగర్ మాత్రలు వాడేవారు మధ్యలో ఆపకూడదు. చీటీలో జనరిక్ పేరు రాయమని డాక్టర్‌ని అడగండి. జన ఔషధి కేంద్రాల్లో చాలా మందులు బ్రాండ్ ధరలో సగానికన్నా తక్కువకే వస్తాయి. లంకల్లో ఉండేవారు వానాకాలం ముందే డాక్టర్‌ని అడిగి నెలకు సరిపడా తెచ్చుకోవడం మేలు.