వేలిముద్ర కాగితం
(కార్మిక నష్టపరిహారం - వందేళ్ళ చరిత్ర, ఒక గుమాస్తా అనుభవం)



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, మన పాతపట్నం నీలమణి దుర్గమ్మ వారి గుడి గురించో, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా నడిచిన చిన్న రైలు గురించో వ్రాద్దామనుకున్నాను. వాటి గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. ఆఫీసు ఫైళ్ళ మధ్య బ్రతికిన నాబోటి గుమాస్తాకు తెలిసిన చరిత్ర వేరు. అది కాగితాల చరిత్ర. అందులో ఒక వేలిముద్ర కాగితం ఇన్నేళ్ళుగా నన్ను వదలలేదు. దాని సంగతి చెప్పాలంటే ముందుగా ఒక చట్టం సంగతి చెప్పాలి.

చట్టం పుట్టుక

పనిలో దెబ్బ తగిలినవాడికి యజమాని పరిహారం ఇవ్వాలన్న ఆలోచన ముందుగా జర్మనీలో 1884లో చట్టమైంది. ఇంగ్లండులో 1897లో వచ్చింది. మన దేశంలో 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్టు చేసి, 1924 జూలై 1 నుండి అమలులో పెట్టారు. అంతకు ముందు కూలివాడు చనిపోతే, యజమాని అజాగ్రత్త వల్లనే పోయాడని అతని భార్య సివిలు కోర్టులో రుజువు చేయాలి. పూట గడవని మనిషి ప్లీడరును ఎక్కడ పెట్టగలదు? పనిచేస్తూండగా, ఆ పని కారణంగా ప్రమాదం జరిగిందని చూపితే చాలునని కొత్త చట్టం చెప్పింది. మరణానికి ఆనాడు పెట్టిన పరిహారం 30 నెలల జీతం గానీ, రూ. 2,500 గానీ, ఏది తక్కువైతే అది.

ఈ చట్టం వ్రాసినవారు మోసాన్ని ముందే ఊహించారు. కార్మికుడు మరణిస్తే పరిహారపు సొమ్మును కమిషనరు వద్ద జమ చేయాలి గాని, నేరుగా కుటుంబం చేతిలో పెడితే అది చెల్లింపు కింద లెక్కకు రాదని 8వ సెక్షను. ప్రధాన యజమాని తన పనిని కంట్రాక్టరుకు అప్పగించినంత మాత్రాన తప్పించుకోలేడని 12వ సెక్షను. "నాకు పరిహారం అక్కరలేదు" అని కార్మికుడి చేత ఎవరు వ్రాయించుకున్నా ఆ కాగితం చెల్లదని 17వ సెక్షను. మోసం చేసో, ఒత్తిడి పెట్టో కుదుర్చుకున్న రాజీని కమిషనరు రిజిస్టరు చేయకుండా తిప్పి పంపవచ్చునని 28వ సెక్షను. అక్షరం రాని భార్య, తెలివి మీరిన మేస్త్రీ, మధ్యన ఒక తెల్ల కాగితం - ఈ దృశ్యం వాళ్ళ కళ్ళ ముందు ఉండే ఈ సెక్షన్లు వ్రాసి ఉంటారని నా నమ్మకం.

నా కళ్ళతో చూసినది

నేను పనిచేసిన ఆఫీసు పేరు, కంట్రాక్టరు పేరు ఇక్కడ అప్రస్తుతం. 1987లో ఒక కాలువ పనిలో గట్టు విరిగిపడి, మా వైపు పల్లెకు చెందిన కూలీ ఒకడు చనిపోయాడు. 1984 సవరణ ప్రకారం అప్పటికి మరణ పరిహారం రూ. 20,000కు తగ్గరాదు. కంట్రాక్టరు తుది బిల్లుతో పాటు, మృతుని భార్యకు రూ. 20,000 చెల్లించినట్టు వేలిముద్ర వేసిన రసీదు ఒకటి దాఖలు చేశాడు. దానిని ఫైలులో కుట్టినది నేనే.

ఒక ఆదివారం ఉదయం ఆమె చంటిబిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. ఆఫీసులో పనిచేసే బాబు ఈ వీధిలో ఉన్నాడని ఎవరో చెప్పారట. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది:

"బాబూ, నాను ఏలు ముద్దర ఏసిన కాయితంలో ఏటి రాసుందో ఓపాలి సెప్తారేటి?"

"నీకు ఎంత ఇచ్చారమ్మా?" అన్నాను.

"నాలుగేలు, ఓ బస్తా బియ్యం. మిగతాది పెద్ద ఆఫీసు నుండి వస్తాదన్నారు. ఎప్పుడొస్తాది బాబూ?"

ఆ కాగితంలో ఏముందో నాకు తెలుసు. అయినా ఆ పూట ఏమీ చెప్పలేకపోయాను. "కనుక్కుంటానమ్మా" అని పంపేశాను. మా ఆవిడ లోపలి నుంచి వచ్చి, "మీకు తెలియదా ఏమిటి?" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి మరో కారణం ఉంది. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అంతకు ఆరేళ్ళ క్రితం ఇటువంటి రసీదే నా చేతి మీదుగా వెళ్ళింది. రసీదు మీద తేదీ ప్రమాదం జరిగిన రోజుకు ముందుది. నేను గమనించాను. పై అధికారి సంతకం పెట్టిన తరువాత నాకెందుకని ఊరుకున్నాను. ఆ కుటుంబం పొట్ట చేతపట్టుకుని ఎటో వలస పోయింది. వారి ఆచూకీ నాకు మరి దొరకలేదు.

అందుచేత ఈసారి ఊరుకోలేదు. కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనరుకు ఆమె తరఫున దరఖాస్తు వ్రాసిపెట్టాను. ఫైలు కాగితాలు ఏవీ బయటకు తీయలేదు. రసీదు ఏ బిల్లుతో వచ్చిందో ఆ నంబరు, తేదీ మాత్రం వ్రాశాను. కమిషనరు గారు ఫైలు తెప్పించుకున్నారు. "ఇచ్చేశామండీ, రసీదు ఉందండీ" అన్నాడు కంట్రాక్టరు. "నా వద్ద జమ చేయలేదు గనుక చట్టం దృష్టిలో మీరు ఇవ్వనట్టే" అన్నారు ఆయన. 8వ సెక్షను అక్కడ పనిచేసింది. రూ. 22,000 పైచిలుకు జమ చేయించి, కొంత ఆమెకిచ్చి, మిగిలినది పిల్లల పేర బ్యాంకులో వేయించారు.

నాకు మూడు నెలల్లో బదిలీ అయింది. పిల్లల చదువులు చెదిరాయి. కొందరు స్నేహితులు పలకరించడం మానేశారు. అది పెద్ద త్యాగమని చెప్పుకోను. సమయానికి నోరు విప్పి ఉంటే మొదటి కుటుంబానికి కూడా ఆ సొమ్ము దక్కేది కదా అన్నదే నా బాధ.

మందుల బిల్లుల దాకా

స్వాతంత్ర్యం తరువాత 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అనగా ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ గారు దానిని ప్రారంభించారు. యజమానితో పాటు కార్మికుడు కూడా చందా కడతాడు. 2019 జూలై నుండి కార్మికుని వాటా జీతంలో నూటికి ముప్పావలా, అంటే 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. ఆసుపత్రులు, డిస్పెన్సరీలు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాలు నడుపుతాయి. మందులు కొనేది కూడా వారే.

ఆ మందుల కొనుగోళ్ళలోనే మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పెద్ద గొడవ బయటపడింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ ఏ.సి.బి. వారు అక్కడి బీమా వైద్య సేవల డైరెక్టరును అరెస్టు చేశారు. ఎక్కువ ధరలకు కొన్నారని, దొంగ బిల్లులు పెట్టారని ఆరోపణ. 2020 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో విజిలెన్సు నివేదిక వెలువడింది. 2014-19 మధ్య రేటు కాంట్రాక్టు లేని సంస్థల నుండి హెచ్చు ధరలకు కొన్నారని అందులోని అభియోగం. ఆ జూన్ 12న మన జిల్లాకే చెందిన మాజీ కార్మిక మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారిని ఏ.సి.బి. అరెస్టు చేసింది. ఇది రాజకీయ కక్ష అని వారి పార్టీ అన్నది. ఆగస్టులో హైకోర్టు బెయిలు ఇచ్చింది. 2024లో ఆయన మళ్ళీ మంత్రి అయ్యారు. మన సంఘానికి రాజకీయాలు లేవు. ఆరోపణ వేరు, తీర్పు వేరు. నేను చెప్పదలచినది ఒక్కటే: ఆ సొమ్ములో ప్రతి పైసా వెనుక ఒక కార్మికుని చందా ఉంది. 1987లో దోచినది ఒక ఇంటి సొమ్ము. మందుల బిల్లులో మోసం జరిగితే ముఖం తెలియని వేలమంది సొమ్ము పోతుంది. అందులో ఏడ్చుకుంటూ మన గుమ్మానికి వచ్చేవారు ఎవరూ ఉండరు. అందుకని ఆ లెక్కలు చూసే గుమాస్తా ఇంకా మెలకువగా ఉండాలి.

కార్మికులలో దొంగ సర్టిఫికెట్లు పెట్టేవారు లేరని నేను అనను. అదీ తప్పే. కాని వాడి ఒక్కడి సర్టిఫికెట్టు చూసి, బిల్లుల మోసం చూడకపోవడం న్యాయం కాదు.

ఫిర్యాదు ఎలా వ్రాయాలి

బీహారులో సత్యేంద్ర దుబే అనే యువ ఇంజనీరు జాతీయ రహదారి పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం వ్రాశాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరులో అతడు హత్యకు గురయ్యాడు. దేశమంతా గగ్గోలు పుట్టాక, 2004లో కేంద్ర ప్రభుత్వం అటువంటి ఫిర్యాదులు తీసుకుని పేరు రహస్యంగా ఉంచే బాధ్యతను కేంద్ర విజిలెన్సు కమిషనుకు అప్పగించింది. కేంద్ర సంస్థల మీద ఫిర్యాదులు మాత్రమే అక్కడికి వెళతాయి. పేరు కవరు మీద వ్రాయకుండా, లోపలి ఉత్తరంలో వ్రాయాలి. రాష్ట్ర ఉద్యోగుల మీద అయితే ఏ.సి.బి. ఉంది, లోకాయుక్త ఉంది. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక కాగితం నకలు అడిగి పుచ్చుకోవచ్చు. మా రోజుల్లో ఆ సౌకర్యం లేదు.

2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రత కోడ్ అమలులోకి వచ్చి, పైన చెప్పిన పాత చట్టాలు అందులో కలిసిపోయాయి. సెక్షన్ల నంబర్లు మారాయి. పరిహారం అధ్యాయం మాత్రం అందులోనూ ఉంది.

చివరిగా ఒక మనవి. మన జిల్లా పిల్లలు విశాఖ, హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్తూనే ఉన్నారు. మీ వీధిలో ఎవరైనా పనిలో చనిపోతే, దశదినకర్మ అయ్యేలోగా ఆ ఇంటికి ఒక్కసారి వెళ్ళండి. ఏ కాగితం మీదా వేలిముద్ర వేయవద్దని చెప్పండి. వేసి ఉంటే ఎవరు, ఏ రోజున, ఎంత ఇచ్చి వేయించారో ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. కార్మిక శాఖకు దరఖాస్తు ఆలస్యం లేకుండా వ్రాసిపెట్టండి. ఊహలు వద్దు, తేదీ, అంకె, చూసిన సంగతి చాలు. మనకు పింఛను వస్తోంది, బదిలీ భయం లేదు. ముప్పై ఏళ్ళు కలం పట్టిన చేతులు మనవి. ఇంకొక దరఖాస్తు వ్రాయడానికి ఆ చేతులు ఇప్పటికీ పనికివస్తాయి.