పాత అమెరికా కారు – అసలు ఇంజను ఏది?

"ఇంజను ఒరిజినలేన్నా, చూసుకో" – పాత కారు అమ్మేవాడు కొనేవానితో మొదట అనే మాట ఇది. బంపరు తళతళలాడవచ్చును, రంగు నిన్ననే వేసినట్లుండవచ్చును. అయినా బేరమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగును. 1930 నుంచి 1950 వరకు మన దేశానికి వచ్చిన ఫోర్డు, షెవ్రొలే, డాడ్జి, ప్లిమత్ కార్లలో ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇంకా ఉన్నదంటే దాని విలువ వేరు. 2021 జూలైలో ఈ సంగతికి చట్టం బలం కూడా వచ్చినది. ఏబది ఏండ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లను 'వింటేజి' వాహనాలుగా నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసినది. ఇరవై వేల రూపాయలు కట్టితే 'వి.ఎ.' అనే అక్షరాలుగల సంఖ్య పదేండ్లకు ఇత్తురు. చట్రంలో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండరాదని అందులో నిబంధన. కనుక ఇంజను ఆ కారుదో కాదో తేల్చుకొనుట ఇప్పుడు ముచ్చటకొరకే కాదు.

దీనిని మేస్త్రీల రహస్యమని చాలామంది అనుకొంటారు. నిజానికి ఇందులో సగం లోహశాస్త్రం, సగం చరిత్ర. చరిత్ర తెలియనిదే లోహం మీది అంకెలు ఏమి చెప్పుచున్నవో అర్థం కాదు. ఉదాహరణకు డోన్‌లో ఒక షెడ్డులో 1948 నాటి ప్లిమత్ అమ్మకానికి ఉన్నదనుకొందాము. అది అక్కడికి వచ్చిన దారి ఎట్టిదో ముందు చూడవలెను.

అమెరికా కార్లు మన దేశానికి పూర్తి బండ్లుగా వచ్చినవి తక్కువ, పెట్టెలలో విడి భాగాలుగా వచ్చినవి ఎక్కువ. ఫోర్డు కంపెనీ 1926లో ఇండియాలో శాఖ పెట్టినది. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలోని శివడీ వద్ద కార్లను కూర్చే పని ప్రారంభించినారు. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లను కూర్చసాగినారు. ఫోర్డు విషయంలో ఇంకొక విశేషం. బ్రిటన్ తప్ప తక్కిన బ్రిటిషు సామ్రాజ్యానికి ఫోర్డు కార్లు పంపే హక్కు 1904 నుంచి కెనడా ఫోర్డు కంపెనీది. 'అమెరికా కారు' అని మనవారు మురిసిపోయిన ఫోర్డులలో చాలావరకు కెనడాలో పుట్టినవే! ఇది తెలియక అమెరికా పుస్తకాలతో సరిపోల్చి, మంచి ఇంజనును నకిలీ అనుకొన్నవారు కలరు.

ఇక డోన్ సంగతి. రైల్వేవారు ద్రోణాచలమని కూడా వ్రాసిన ఈ ఊరు 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. గుంతకల్లు–బెజవాడ మార్గం, కర్నూలు మీదుగా సికింద్రాబాదు నుంచి వచ్చే మార్గం ఇక్కడ కలుసుకొనును. హైదరాబాదు–బెంగళూరు రహదారి ఊరి ప్రక్కనే పోవును. తుంగభద్రకు ఉత్తరాన నైజాం రాజ్యం, దక్షిణాన మద్రాసు రాష్ట్రం ఉన్న రోజులలో ఈ దారిన నడిచిన కారు ఒక ప్రభుత్వం క్రింద నమోదై, మరొక ప్రభుత్వం క్రింద అమ్ముడుపోవచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. కారు చేతులు మారినప్పుడెల్ల గుమాస్తా ఇంజను సంఖ్యను, చాసీ సంఖ్యను పాత పుస్తకం నుంచి క్రొత్త పుస్తకంలోకి ఎక్కించును. మూడు ఎనిమిదగుటకు, ఒక సున్న జారిపోవుటకు ఎంతసేపు?

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరే ఉన్నది. మన దేశంలో ఇంజను మార్చితే రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి, క్రొత్త సంఖ్యను ఆర్.సి. పుస్తకంలో వ్రాయించుకోవలెను. అనగా ఆర్.సి.లోని సంఖ్య, ఇంజను మీది సంఖ్య ఒక్కటే అయినంతమాత్రాన అది పుట్టుకతో వచ్చిన ఇంజను అని ఋజువు కాదు. ఆ కారు చట్టబద్ధంగా ఉన్నదని మాత్రమే ఋజువు. కొనేవారిలో నూటికి తొంబదిమంది ఇక్కడే పొరబడుదురని నా అభిప్రాయం. పుస్తకం చూచి, సంఖ్య చూచి, రెండూ కలసినవి గదా అని తృప్తిపడి డబ్బు చేతిలో పెట్టుదురు.

ఇంజనులు ఎందుకు మారినవి? మెట్ట సీమలో దీనికి కారణాలు కొల్లలు. ఆ కాలపు షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజనులో బేరింగులు తగరం, సీసం వంటి మెత్తని లోహాల మిశ్రమాన్ని కరిగించి పోసినవి. కనెక్టింగు రాడ్ల బేరింగులకు నూనె పూర్తి ఒత్తిడితో చేరదు. చాలావరకు క్రింది తొట్టిలో రాడ్లు గరిటవలె మునిగి చిమ్మిన నూనెయే ఆధారం. చల్లని దేశంలో, మంచి రోడ్డు మీద ఈ ఏర్పాటు ముచ్చటగా పనిచేయును. ఎండ, దుమ్ము, బరువు కలసినచోట బేరింగులు త్వరగా అరిగిపోవును. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు రేషనై, బండ్లకు వెనుక పొయ్యి కట్టి బొగ్గు గ్యాసుతో నడిపినారు. ఆ గ్యాసుతోపాటు బూడిద కూడా సిలిండర్లలోకి పోయి వాటిని ఆకురాయివలె గీసినది.

యుద్ధం ముగియగానే సైన్యపు మిగులు లారీలు వేలానికి వచ్చినవి. వాటిని మనవారు 'డిస్పోజలు లారీలు' అన్నారు. కెనడాలో చేసిన సైనికపు షెవ్రొలే లారీలలో ఉన్నది కార్లలో ఉన్న 216 ఘనపు అంగుళాల ఇంజనే. ముప్పాతిక టన్ను డాడ్జి సైనిక బండ్లలోని 230 ఘనపు అంగుళాల ఇంజను, 1946–48 డాడ్జి కారు ఇంజను ఒక్క జాతివే. కారు ఇంజను పగిలితే లారీది దించి ఇందులో ఎక్కించుటకు ఒక పగలు చాలును. పైకి చూచినవానికి తేడా తెలియదు.

తరువాత డీజిలు వచ్చినది. 1953లో టారిఫ్ కమిషన్ సలహాపై, ఇక్కడే తయారుచేసే పథకం లేని విదేశీ కంపెనీలు కార్లు కూర్చుట మానుకొనవలెనని ప్రభుత్వం నిర్ణయించినది. జనరల్ మోటార్సు 1954లో వెళ్ళిపోయినది. విడి భాగాలకు కరువు ఏర్పడినది. అదే దశకంలో మద్రాసులో సింప్సన్ కంపెనీవారు పెర్కిన్స్ డీజిలు ఇంజనులు, 1954 నుంచి జంషెడ్‌పూరులో టాటా వారు మెర్సిడిస్ బెంజ్ లారీలు చేయసాగినారు. పెట్రోలు త్రాగే పెద్ద కారుకు డీజిలు ఇంజను వేయించుకొని, కుటుంబమంతటిని ఎక్కించుకొని మరి ఇరవై ఏండ్లు నడిపినవారు ఎందరో. వారిని తప్పుపట్టుటకు లేదు. డీజిలు లేకుంటే ఆ కార్లు ఏనాడో పాత ఇనుముకు పోయేవి.

డోన్ ప్లిమత్‌లో ఇప్పుడు పెట్రోలు ఇంజనే ఉన్నదనుకొందాము. మొదట బానెట్టు ఎత్తవద్దు. కారు క్రిందికి వంగి చట్రం చూడవలెను. పెట్రోలు ఇంజను మిశ్రమాన్ని సుమారు ఆరేడు రెట్లు కుదించును. డీజిలు ఇంజను గాలిని పదునారు రెట్ల ప్రాంతం కుదించును. ఆ ఒత్తిడికి నిలువవలెను గనుక డీజిలు ఇంజను బరువు ఎక్కువ, అదురు ఎక్కువ. దానిని నిలుపుటకు చట్రం అడ్డపట్టీని కోసి, క్రొత్త ఆనికలు వెల్డింగు చేయుదురు. ధర కొరకు పెట్రోలు ఇంజను మళ్ళీ తెచ్చి పెట్టినా ఈ మచ్చలు పోవు. అవి కనబడితే ఇంజను ఒకసారి దిగినదని నిశ్చయం.

తరువాత సంఖ్యలు. ఇక్కడ కంపెనీకి ఒక ఆచారం. ఫోర్డు 'మోడల్ టి'కి ఇంజను సంఖ్యయే కారు సంఖ్య. చట్రం మీద సంఖ్య కొట్టుట చివరి రెండేండ్లలోనే మొదలైనది. 1908లో ఒకటితో ప్రారంభమైన అమెరికా వరుస 1927 మే నెలలో ఆ కారు తయారీ ఆగేటప్పటికి 1,50,07,033 చేరినది. తమాషా ఏమనగా, కారు ఆగినా ఇంజనులు ఆగలేదు. పాత కార్లకు బదులు వేయుటకు 1941 ఆగస్టు వరకు ఫోర్డువారు వాటిని చేయుచునే ఉన్నారు. కనుక అంతకు మించిన సంఖ్యగల అమెరికా ఇంజను ఏ కారుతోను పుట్టినది కాదు. కెనడా ఇంజనుల వరుస వేరు. వాటి సంఖ్యకు ముందు 'సి' అక్షరం ఉండును. తరువాతి 'మోడల్ ఎ'లో ఇంజను సంఖ్యనే చట్రం మీద కూడా కొట్టినారు. అది బాడీ క్రింద దాగి ఉండును. సంఖ్యకు రెండు కొసలా నక్షత్రం గుర్తు వేసినారు, ఎవరూ అదనంగా అంకె చేర్చకుండుటకు. 1932 తరువాతి 'వి-8' ఫోర్డులో మాత్రం సంఖ్య ఇంజను దిమ్మ మీద కాక గేరుపెట్టె వైపు క్లచ్చి గూటి మీద, చట్రం మీద ఉండును. దిమ్మ మారినా సంఖ్య చెక్కుచెదరదు! 'నంబర్లు కలసినవి' అనే మాటకు అక్కడ విలువ ఎంతో చదువరులే గ్రహింపగలరు.

షెవ్రొలేలో ఇందుకు విరుద్ధం. ఆ కాలంలో ఇంజను సంఖ్యకు, చాసీ సంఖ్యకు ఫ్యాక్టరీలోనే సంబంధం లేదు. రెండూ ఒక్కటే అని ఎవరైనా చూపితే మెచ్చుకొనుటకు బదులు అనుమానపడవలెను. అక్కడ నమ్మదగినది పోతపోసిన తేదీ. దిమ్మ ప్రక్కన ఉబ్బెత్తుగా ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉండును: జనవరికి 'ఎ', ఫిబ్రవరికి 'బి', ఈ వరుసలో నెల, పిమ్మట తేదీ, చివర సంవత్సరపు ఆఖరి అంకె. 'సి 9 8' అనగా మార్చి 9, 1948. 1938 కూడా కావచ్చును గదా అందురు. అందుకే పంచితో కొట్టిన సంఖ్యను కూడా చూడవలెను. 1948 కార్లకు అది 'ఎఫ్ ఎ'తోను, 1949 కార్లకు 'జి ఎ'తోను మొదలగును.

ఈ తేదీని ఉపయోగించుటలో ఒక మెలకువ కలదు. అమెరికాలో పోతకు, కారు పూర్తగుటకు నడుమ కొద్ది వారాలే. మనకు వచ్చినది పెట్టెలో సముద్రం దాటి, బొంబాయిలో కూర్చబడి, అమ్ముడుపోయి నమోదైనది. నమోదుకంటె ఏడాది ముందు పోసిన దిమ్మ ఉంటే తప్పుపట్టరాదు. అది అసలుదని నిశ్చయించనూ రాదు. నమోదు తేదీకి తరువాత పోసిన దిమ్మ మాత్రం తప్పకుండా పరాయిదే. కొడుకు పెండ్లినాటికి తండ్రి పుట్టలేదంటే నమ్మగలమా?

మన ప్లిమత్‌కు అంతకంటె సులువైన పరీక్షలున్నవి. ఎడమ ప్రక్క, హెడ్డుకు దిగువన ముందువైపు చదును చేసిన చోట 'పి-15' అని మొదలుకావలెను. 1946–48 ప్లిమత్ గుర్తు అది. 'డి-24' అని ఉంటే డాడ్జి కారుది. 'టి-214' అని ఉన్నదా, అది సైన్యపు డాడ్జి బండినుంచి వచ్చినది, సందేహం లేదు. పిమ్మట టేపు తీసి హెడ్డు పొడవు కొలువవలెను. అమెరికా ప్లిమత్, డాడ్జి ఇంజనుల హెడ్డు సుమారు 23 అంగుళాలు. డిసోటో, క్రైస్లర్ కార్లవి, కెనడాలో చేసినవి సుమారు 25 అంగుళాలు. 25 వచ్చినంతమాత్రాన అబద్ధమని కేకలు వేయక, చాసీ సంఖ్యనుబట్టి ఆ కారు కెనడాదా అని మొదట విచారించవలెను.

సంఖ్య చదువుటకు డోన్‌వారు వెతుక్కోనక్కరలేని సాధనం ఒకటి ఉన్నది. డోన్–బేతంచెర్ల ప్రాంతంలో దొరికే బలపపు రాయి, మన పిల్లలు పలకల మీద వ్రాసినది. జిడ్డును కిరోసినుతో తుడిచి, ఆరనిచ్చి, బలపపు పొడిని రుద్ది పైపైన తుడిస్తే గుంటలలో పొడి నిలిచి అంకెలు తెల్లగా కనబడును. ఆకురాయితో గీకవద్దు, గీకినది మరల రాదు. పొడి వేసినప్పుడు అంకెల లోతు ఒకటిగా ఉన్నదా, వరుస వంకరపోయినదా, చదునులో చుట్టుప్రక్కల లేని గీతలు అంకెల క్రింద మాత్రమే ఉన్నవా అని చూడవలెను. అట్లుంటే పాత సంఖ్యను అరగదీసి క్రొత్తది కొట్టినారని అనుమానించవచ్చును.

అరగదీసినంతమాత్రాన సంఖ్య పూర్తిగా చావదు. పంచి దెబ్బకు అంకె అడుగున ఉన్న లోహపు స్ఫటికాలు కూడా కొంత లోతువరకు నలిగిపోవును. పైభాగాన్ని నునుపు చేసి, రాగి క్లోరైడు, హైడ్రోక్లోరికామ్లం కలిసిన ద్రావకం పూస్తే నలిగిన లోహం, నలగని లోహం ఒకే వేగంతో కరగవు. ఆ తేడావలన పోయిన అంకె నీడవలె తేలును. నేరపరిశోధక ప్రయోగశాలలవారు దొంగబండ్లను పట్టుకొనేది ఇట్లే. ఉక్కు చట్రం మీద ఇది చక్కగా పనిచేయును. ఇంజను దిమ్మ పోతయినుము. అది నలుగుటకంటె పెళుసుగా విరుగును, కనుక దానిలో సంఖ్య జ్ఞాపకం తక్కువ. దిమ్మ సంఖ్య చెరిపివేసి ఉంటే కొనేవాడు ప్రయోగశాలను నమ్ముకొనుటకంటె బేరం వదులుకొనుట మేలు. దొంగబండి అయితే కారూ పోవును, డబ్బూ పోవును, ఠాణా చుట్టూ తిరుగుటా తప్పదు.

ఇన్ని పరీక్షలైన తరువాత ప్లిమత్ ఇంజను 'టి-214' అని తేలినదనుకొందాము. ఆర్.సి.లో ఆ సంఖ్యయే ఉన్నదనుకొందాము. ఆ కారు నిరాటంకంగా కొనదగినదే; అయితే అసలు ఇంజను గల కారు ధరకు కాదు. 'వి.ఎ.' సంఖ్యకు అది తగునో తగదో రిజిస్ట్రేషన్ అధికారి తేల్చవలసినది గనుక, డబ్బు చెల్లించకముందే పాత ఆర్.సి. పుస్తకాలు, పెన్సిలుతో తీసిన చాసీ, ఇంజను ముద్రలు వెంట తీసుకొనిపోయి వారి వద్ద అడుగవలెను.