తాళం పోయిన లాప్‌టాప్, మూడు వారాల గంటలు

పోస్టు కొంచెం పొడుగుంది, టీ బ్రేకులో చదవండి.

పోయిన నెల మెల్‌బోర్న్‌లో మా సైటులో పాత సూపర్‌వైజర్ పని మానేసి వెళ్లిపోయాడు. ఆ బాధ్యత మా మీద పడింది. కంటైనర్ ఆఫీసులో లాప్‌టాప్ తెరిస్తే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది ఎవరికీ తెలీదు. మనోళ్ల మూడు వారాల టైంషీట్లు అందులోనే ఉన్నాయి. జీతం ఆగింది. రూము అద్దె మాత్రం ఆగదు కదా.

"కంప్యూటరుకు దాని పాస్‌వర్డ్ దానికే తెలీదా?" అని ఒక తమ్ముడు అడిగాడు. మేము చదివింది పదో తరగతి వరకే. అయినా ఆ ప్రశ్న పట్టుకుని రాత్రుళ్లు కూర్చొని చదివాం. తెలిసింది మీకు చెప్తున్నాం.

1961లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే పెద్ద కంప్యూటర్‌ను చాలామంది కలిసి వాడుకునే పద్ధతి చూపించింది. దాని పేరు సీటీఎస్ఎస్. ఎవరి ఫైళ్లు వాళ్లకు విడిగా ఉండాలని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ పెట్టారు. కంప్యూటర్లలో పాస్‌వర్డ్ వాడకం మొదలైంది అక్కడే అంటారు.

మరుసటి ఏడాదే దొంగతనం జరిగింది. అలెన్ షెర్ అనే పరిశోధకుడికి వారానికి 4 గంటలే ఇచ్చారు. అవి చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తం ప్రింటు తీయించుకుని వేరేవాళ్ల పేరుతో పని చేసుకున్నాడు. చూశారా, ఆ దొంగతనం కూడా గంటల కోసమే. 1966లో ఇంకో తమాషా. రెండు ఫైళ్లు తారుమారై, లోపలికొచ్చిన ప్రతివాడికీ ఆ రోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌లూ తెర మీద కనిపించాయి.

ఉన్నది ఉన్నట్టు రాసిపెడితే ఇదే గతి అని పెద్దోళ్లకు అర్థమైంది. యూనిక్స్ చేసినవాళ్లలో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో దీని మీద వివరంగా రాశారు. పాస్‌వర్డ్‌ను గిర్నీలో పట్టించినట్టు పట్టించి, ఆ పిండి మాత్రమే దాచాలి. పిండి నుంచి మళ్లీ బియ్యపు గింజ రాదు. మనం మళ్లీ పాస్‌వర్డ్ కొడితే దాన్నీ పట్టించి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తుంది. తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదే: కంప్యూటరుకు నిజంగానే తెలీదు. అందుకే మర్చిపోయిన పాస్‌వర్డ్‌ను వెతికి ఇవ్వరు, కొత్తది పెడతారు. దాన్నే రీసెట్ అంటారు.

పాత విండోస్‌లో అది తేలిక. వేరే డిస్కుతో మెషిన్ ఆన్ చేసి ఆ పిండి మార్చేస్తే సరిపోయేది. అంటే పెట్టె ఎవరి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం. ఆ తర్వాత విస్టాతో బిట్‌లాకర్ వచ్చింది. డిస్కు మొత్తానికి తాళం. అది తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. పాస్‌వర్డూ, ఆ కీ కూడా పోతే లోపలున్నది పోయినట్టే.

తాళం ఒక్కడి దగ్గరే ఉంటే ఏమవుతుందో 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో చూసింది. టెర్రీ చైల్డ్స్ అనే ఉద్యోగి నగరం నెట్‌వర్క్ పాస్‌వర్డ్‌లు ఇవ్వనని జైలుకు పోయాడు. ఆఖరికి మేయర్ స్వయంగా జైలుకొచ్చి అడిగితే ఇచ్చాడు. ఇక్కడ క్వీన్స్‌లాండ్‌లో దీనికి తిరగేసిన కథ. 2000లో మరూచీ షైర్‌లో కాంట్రాక్టు కంపెనీ నుంచి వెళ్లిపోయిన ఒకతను రేడియో పరికరాలతో మురుగునీటి పంపులను తన ఇష్టమొచ్చినట్టు ఆడించాడు. లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పారింది. అతనికి రెండేళ్ల జైలు పడింది. మనిషి వెళ్లిపోయేటప్పుడు తాళం తీసుకోవాలి, లేదా మార్చాలి. రెండూ చేయకపోతే ఇంతే.

మా సంగతికొస్తే, ఆ 48 అంకెల కీ పాత సూపర్‌వైజర్ సొంత ఈమెయిల్ ఖాతాలో దొరికింది. ఫోన్ చేస్తే పాపం మంచిగానే చదివి చెప్పాడు. జీతాలు వారం ఆలస్యమయ్యాయి. తీరా తెరిచి చూస్తే రెండు రోజుల గంటలు అసలు ఎక్కించనే లేదు. ఒక అన్న పాకెట్ డైరీలో రోజూ రాసుకున్నాడు కాబట్టి అవి కూడా వచ్చాయి. అన్ని తాళాల కంటే రెండు డాలర్ల డైరీ గట్టిది అనిపించింది.

ఇంకో మాట గుర్తుంచుకోండి. ఇక్కడి ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం మన పని, జీతం రికార్డులు యజమాని 7 ఏళ్లు దాచాలి. జీతం ఇచ్చిన ఒక పనిదినం లోపు పేస్లిప్ ఇవ్వాలి. 2017లో చట్టం మార్చారు. సరైన కారణం లేకుండా రికార్డులు పెట్టకపోతే, మన లెక్క తప్పని నిరూపించే భారం యజమాని మీదే పడుతుంది. "లాప్‌టాప్ లాక్ అయింది" అంటే మన కష్టం గాల్లో కలిసిపోదు.

చివరిగా, మీ వీసా ఇమ్మిఅకౌంట్ ఎవరి ఈమెయిల్ మీద ఉంది? ఏజెంట్ దగ్గరుంటే మీ ఖాతా మీరే ఒకటి తెరుచుకుని, ఆ దరఖాస్తు అందులోకి తెచ్చుకోండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి. గంటలు రోజూ రాసుకోండి. మన తాళం మన జేబులోనే ఉండాలి.

ఉంటాం మరి. పొద్దున్నే ఆరింటికి కాంక్రీట్ పోయాలి.