కడ్డీ పోయి నూనె వచ్చాక

కారుకు పాత బ్రేకులు తీసేసి పెద్ద డిస్కులు, పెద్ద కాలిపర్లు బిగిస్తే పెడల్ మునుపటికంటే గట్టిగా తగలాలని ఎవరైనా ఆశిస్తారు. తరచూ జరిగేది దానికి తలకిందులు. కాలు పెడితే పెడల్ దూదిమూటలా లోపలికి దిగిపోతుంది. రెండుమూడుసార్లు తొక్కితే గానీ పట్టు దొరకదు. షెడ్డులో వెంటనే వినిపించే తీర్పు ఒక్కటే: ‘ఎయిర్ పట్టింది.’ చాలాసార్లు అది నిజమే. కానీ ఎన్నిసార్లు ఎయిర్ తీసినా మెత్తదనం వదలని బండ్లూ ఉంటాయి. వాటిలో బిగించిన సామాను విడివిడిగా చూస్తే ఏ లోపమూ కనిపించదు. బ్రేకుల చరిత్ర తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. పెడల్‌కూ చక్రానికీ మధ్య కడ్డీ పోయి ద్రవం వచ్చిన నాటినుంచీ బ్రేకు అనేది విడిభాగాల మూట కాకుండా పోయింది. ఒకదాని కొలత మారిస్తే మిగతావన్నీ కదిలే ఒకే లెక్కగా మారింది. మెత్తబడిన పెడల్ చాలాసార్లు ఆ లెక్క తప్పిందని చెప్పే మాటే.

మొదటి కార్లలో పెడల్ నుంచి బ్రేకు దాకా ఇనుప కడ్డీలో, తీగలో ఉండేవి. చిక్కల్లా వాటిని సరితూగేలా ఉంచడంలోనే. ఒక కీలు అరిగినా, ఒక తీగ రవ్వంత సాగినా ఆ చక్రం మిగతా వాటితో కలవదు. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగుతుంది. ముందు చక్రాలు పక్కలకు తిరుగుతాయి, గుంటల్లో ఎగిరిపడతాయి. అక్కడికి కడ్డీ చేర్చడం మరీ కష్టం. అందుకే చాలాకాలం వెనక చక్రాలకే బ్రేకులుండేవి. దీనికి విరుగుడు సూత్రంగా ఎప్పటినుంచో ఉంది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుందని చెప్పిన పాస్కల్ గ్రంథం ఆయన పోయాక 1663లో అచ్చయింది. ఆ సూత్రంతోనే ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందాడు. అది కారు చక్రాన్ని చేరడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది. సోదరుడు అలన్‌తో కలిసి విమానాలు కట్టిన మాల్కం లాక్‌హీడ్ ఆ పని వదిలి అమెరికాలో హైడ్రాలిక్ బ్రేకుల వెంట పడ్డాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ తన మోడల్ ఏ కారుకు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది.

ద్రవంతో తూకం సమస్య తీరింది, కారే సమస్య మొదలైంది. లాక్‌హీడ్ సిలిండర్లలో మొదట వాడిన తోలు కప్పులు ద్రవాన్ని నిలపలేకపోయేవి. 1924లో క్రైస్లర్ తన తొలి కారుకు ఈ బ్రేకులు తీసుకున్నప్పుడు ఆ కంపెనీ ఇంజనీర్లు తోలు తీసి రబ్బరు కప్పులు పెట్టారు. రబ్బరు వచ్చాక ద్రవాన్నీ దానికి తగ్గట్టే ఎంచుకోవాలి. పెట్రోలియం నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఆముదానికి ఆ గుణం లేదు. అందుకే తొలినాళ్ల బ్రేకు ద్రవం ఆముదంలో ఆల్కహాలు కలిపిన మిశ్రమం. పాలమూరు, నల్లగొండ మెట్టచేలల్లో పండే ఆ పంటనూనెకూ డెట్రాయిట్ కార్లకూ ఇలా చుట్టరికం కుదిరింది. ఇప్పటి ద్రవంలో ఆముదమూ లేదు, అసలు నూనే లేదు. అయినా మన మెకానిక్‌ల నోట అది ‘బ్రేక్ ఆయిల్’గానే మిగిలింది.

ఫోర్డ్ మాత్రం 1939 మోడళ్లు వచ్చేదాకా కడ్డీలనే నమ్ముకుని, ఉక్కుకు మించిన భద్రత లేదని ప్రచారం చేసింది. దాన్ని మొండితనమని కొట్టిపారేయలేం. ఉక్కు కారిపోదు, ఉక్కులో బుడగలు చేరవు. ఆ బుడగ ఖరీదెంతో చిన్న లెక్క చెబుతుంది. పెడల్ తొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మిల్లీమీటర్లనుకుందాం. గొట్టాల్లో ఒక్క మిల్లీలీటరు గాలి చిక్కుకుంటే, ఒత్తిడి వాతావరణానికి 50 రెట్లు చేరేసరికి అది దాదాపు మాయమయ్యేంతగా నలుగుతుంది. ఆ ఖాళీ నింపడానికి పిస్టన్ 3 మిల్లీమీటర్లకు పైగా కదలాలి. పెడల్ నిష్పత్తి అయిదుకు ఒకటైతే కాలి కింద అది 16 మిల్లీమీటర్లు. అదే ఒత్తిడికి ద్రవం నూరింట ఒక వంతు కూడా తగ్గదు. ఫోర్డ్ భయానికి ఆధారం ఉందన్నమాట. అయినా చివరికి ఫోర్డూ ద్రవానికే వచ్చింది. గాలిని బయటికి పంపే దారి ఉంది. నాలుగు కడ్డీలను ఏళ్ల తరబడి సమంగా ఉంచే దారి లేదు.

డిస్కులు వచ్చినప్పుడు ఇదే కథ పైమెట్టు మీద మళ్లీ నడిచింది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నా, లోకం దాన్ని నమ్మింది 1953లో, డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ లె మాన్స్ పందెం గెలిచాక. అంతకుముందరి డ్రమ్ము బ్రేకులో చెప్పు (షూ), తిరుగుతున్న డ్రమ్ము ఊపుతోనే ఇంకాస్త బిగుసుకుంటుంది. డిస్కుకు ఆ ఊతం లేదు. పట్టు అంతా ద్రవం ఒత్తిడే ఇవ్వాలి. బేరింగులో ఆట ఉంటే ఊగే డిస్కు ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, తర్వాతి తొక్కుడు ఆ ఖాళీ నింపడానికే సరిపోతుంది. రాపిడి వేడి కాలిపర్ గుండా ద్రవంలోకి దిగుతుంది. నేటి డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి అంటే మళ్లీ గాలిబుడగే.

ఈ వెలుగులో నేటి అప్‌గ్రేడ్‌ను చూడండి. కాలిపర్ పిస్టన్ 48 మిల్లీమీటర్ల నుంచి 54కు పెరిగితే వైశాల్యం పావువంతుకు పైగా పెరుగుతుంది. ప్యాడ్ అంతే దూరం కదలాలంటే ద్రవమూ అంత ఎక్కువ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ దాన్ని పంపాలంటే పెడల్ ఇంకా లోపలికి వెళ్లాలి. గాలి చుక్కైనా లేకుండా పెడల్ దిగిపోవడం ఇలాగే. మాస్టర్ సిలిండర్‌ను 20 మిల్లీమీటర్ల నుంచి 22.5కు పెంచితే పెడల్ పైకి వస్తుంది, కానీ కాలి బలం అంతే అయితే ఒత్తిడి అయిదో వంతు తగ్గుతుంది. పెద్ద పిస్టన్ ఇచ్చిన అదనపు బిగింపు అక్కడికక్కడే పోతుంది. డిస్కు పెద్దదైనందువల్ల వచ్చిన లాభమే చేతిలో మిగులుతుంది. ద్రవం అరువిస్తుంది గానీ దానం చేయదు.

ఇంత లెక్క ఎందుకు, పదింట తొమ్మిదిసార్లు గాలే కదా అని మెకానిక్ అనవచ్చు. మొదట చూడాల్సింది గాలినే, సందేహం లేదు. కాలిపర్లు కుడిఎడమలు మారితే గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే మిగిలి, ఎంత తీసినా రాదు. అయితే లక్షణాలు వేరుచేసి చూపేది పెడలే. వరుసగా తొక్కితే పైకి లేచిందంటే గాలి, లేదా ప్యాడ్ల దగ్గర ఎక్కువ ఖాళీ. నొక్కి ఉంచితే మెల్లగా దిగిందంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు దాటి ద్రవం వెనక్కి పోతోంది. దిగకుండా, లేవకుండా, ఎప్పుడూ ఒకేచోట లోతుగా పట్టిందంటే ముందు సిలిండర్ కొలతలనే అనుమానించాలి. బండి ఆగుతున్నంతవరకు మెత్తదనంతో పనేమిటన్నది మరో వాదన. 2001లో మెర్సిడెస్ ఎలక్ట్రానిక్ బ్రేకులు తెచ్చినప్పుడు కూడా కాలికి తగిలే గట్టిదనాన్ని పనిగట్టుకుని పరికరంతో పుట్టించింది. పట్టు ఎంత మిగిలిందో డ్రైవర్‌కు చెప్పేది ఆ స్పర్శే. అది మసకబారితే ఆపద ముంచుకొచ్చేదాకా తెలియదు. కాబట్టి మూడోసారి నిపుల్ విప్పేముందు ఒక పని చేయండి: పాత కాలిపర్ పిస్టన్, కొత్త పిస్టన్, మాస్టర్ సిలిండర్ — ఈ మూడింటి కొలతలూ కాగితం మీద రాసి చూడండి.